కాంటా దిగినవాళ్లు

చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కనున్న కాంటా దగ్గర రాత్రి డ్యూటీ నాది. చెరకు లారీలు తూస్తాను. లారీ రానప్పుడు కేబిన్‌లో కూర్చుని ఫోన్‌లో నేలమాళిగ ఆట ఆడతాను. ఎంత లోతుకి దిగినా సరే, ఒక్కసారి చస్తే కత్తీ కవచం అన్నీ పోయి మళ్లీ మొదటి మెట్టే. దారులు కూడా మారిపోతాయి. దిక్కుమాలిన ఆట. తిట్టుకుంటూనే మళ్లీ దిగుతాను.

"ఇంకెన్నిసార్లు సస్తవయ్యా? జర పండుకో," అని నా భార్య రోజా ఫోన్ పెట్టేసింది.

ఏడో అంతస్తులో చచ్చాను. తలెత్తి చూస్తే ఖాళీ కాంటా 70 కిలోలు చూపిస్తోంది. నా బరువూ అంతే. మీటరు చెడిందనుకుని, కసిగా మళ్లీ ఆడాను. మళ్లీ చచ్చాను.

140.

కిటికీలోంచి టార్చి వేశాను. ఇనుప పలక మీద ఎవరూ లేరు. కానీ బరువు పడ్డప్పుడల్లా అది చేసే కిర్రుమనే చప్పుడు వినిపించింది. గబుక్కున వెనక్కి జరగబోతే రెండో చేతిలోని ఫోన్ జారింది. అప్పటికే మొదలైన కొత్త ఆటలో, నేలమీద పడ్డ ఫోన్‌లోనే, మూడోసారి చచ్చాను.

210.

తూకం ముందు డ్రైవర్లను, క్లీనర్లను కాంటా దింపడం నాకు అలవాటు. ఆ భయంలో చెయ్యి దానంతటదే మైకు అందుకుంది.

"కాంటా మీదున్నోళ్లు దిగున్రి!"

పలక కిర్రుమంది. 140. మళ్లీ కిర్రుమంది. 70. తర్వాత సున్నా.

హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. కాంటా దిగినవాళ్లు తూకం చీటీ కోసం నా కిటికీ దగ్గరికే వస్తారు.