బావ కంప్యూటర్‌కి కొత్త పవర్ సప్లై

బావ చనిపోయిన నెలకే ఆయన కంప్యూటర్ కూడా మూగబోయింది. ఆయన పాడి దాచుకున్న పాటలన్నీ అందులోనే ఉన్నాయి. రోజూ అవి విన్నాకే అక్క నిద్రపోయేది. ఇప్పుడామెకు కంటిమీద కునుకు లేదు.

కంప్యూటర్లు బాగుచేసే చెల్లెలు వచ్చి చూసి, పవర్ సప్లై కాలిపోయిందని తేల్చింది. లోపలి భాగాలు ఎంత కరెంటు లాగుతాయో చూసుకుని, కాస్త ఎక్కువే ఉండనీ అని ఐదువందల యాభై వాట్లది ఎంచుకుంది. తన షాపు మూశాక దాన్ని పట్టుకుని అక్క ఇంటికి వచ్చింది.

వీధి అప్పటికే సద్దుమణిగింది. అక్క కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. చెల్లెలు కొత్త పవర్ సప్లైని నాలుగు స్క్రూలతో బిగించింది. వెడల్పాటి కనెక్టరును మదర్‌బోర్డుకు నొక్కితే టక్కుమని కూర్చుంది. ప్రాసెసరుకు, హార్డ్‌డిస్కుకు కూడా వైర్లు కలిపి స్విచ్ వేసింది.

తెర వెలగలేదు. ఫ్యాన్ మాత్రం తిరిగింది, మెల్లగా, ఆగి ఆగి, ఎవరో గాఢంగా నిద్రపోతున్నట్టు. ఆ చప్పుడుకి అక్క తల వాల్చేసింది. చెల్లెలికీ కళ్లు బరువెక్కాయి. గదంతా నీళ్లమీద తేలుతున్నట్టు అనిపించింది.

ఏదో వైరు వదులైందేమోనని ఆమె స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేసింది. ఫ్యాన్ రెక్కలు ఆగిపోయాయి. చప్పుడు ఆగలేదు.

పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసింది. గాలి వెచ్చగా తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది.

"అక్కా, లే," అంది.

అక్క కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి ఆ రేకు పెట్టెను నిమిరింది.

"ష్... మెల్లగా మాట్లాడవే. ఇప్పుడే నిద్రపట్టింది ఆయనకి."