గోడ జరిపితే

"గోడ జరిపాను సార్. కణం పోయింది."

గైడు ఫైల్లోంచి తల ఎత్తలేదు. "రేపు పదింటికి నీ పీహెచ్‌డీ వైవా. ఇప్పుడు గోడలు జరపమని నిన్నెవరడిగారు?"

"రేపు ఆయన అడుగుతారు కదా సార్. అందరినీ అదే అడుగుతారట."

ఆ వచ్చే పరీక్షకుడు ఒకప్పుడు ఈ గైడుకి మొట్టమొదటి శిష్యుడే. కాళ్లావేళ్లా పడినా కరగడని పేరు. కిందటేడు ఎక్కడో ఒకడి థీసిస్‌ని "గోడ జరిపి చూశావా?" అన్న ఒక్క ప్రశ్నతో చెత్తబుట్ట పాలు చేశాడు.

ఆ ఫిజిక్స్ ల్యాబులో అందరికన్నా చిన్నది కనక ఆమె అందరికీ చిట్టి. అయిదేళ్లుగా ఒకే ఒక్క కణం వెంటపడింది. చుట్టూ ఉన్న బలాల లాగుడుతో ఏర్పడే గుంటని బావి అంటారు; అందులో చిక్కిన కణానికి బయటపడే శక్తి లేకపోతే అక్కడే ఉండిపోతుంది. దాన్ని బద్ధస్థితి అంటారు, అందులో వింతేమీ లేదు. చిట్టి కణం మాత్రం బయటపడే శక్తి ఉండి కూడా బావిని వదలదు. ఈ ల్యాబుకి ఇన్నేళ్లుగా వచ్చిన పేరంతా ఆ వింత మీదే.

బావి చుట్టూ అనంతం దాకా లెక్క కట్టడం కంప్యూటర్ తరం కాదు. అందుకని ఎక్కడో దూరంగా ఒక గోడ పెట్టి, దాని అవతల ఏమీ లేదనుకోమంటారు. కణం నిజంగా బావికి కట్టుబడినదైతే గోడ ఎంత దూరం జరిపినా దాని శక్తి మారదు. ల్యాబులో చేతులు మారుతూ వచ్చిన ప్రోగ్రాంలో ఆ గోడ దూరం ఒక చిన్న అంకె. దాన్ని ఎవరూ ముట్టుకోలేదనే చిట్టి నమ్మకం. ఇవాళ భయం కొద్దీ తను ముట్టుకుంది.

లెక్కల కాగితం బల్లమీద పెట్టింది.

"రెండింతల దూరం జరిపితే శక్తి నాలుగో వంతుకి పడిపోయింది. ఇంకా జరిపితే ఇంకా పడింది. బావి దాన్ని పట్టుకోలేదు సార్. మనం పెట్టిన గోడే పట్టుకుంది."

గైడు కాగితం చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వైవా వాయిదా వేయిద్దాం సార్."

"వేయించి?"

చిట్టి ఇప్పటికిప్పుడు ఇంకో కణాన్ని ఎక్కణ్ణించి తెస్తుంది?

"పోనీ, తప్పని నేనే చెప్పేస్తాను."

"చెబితే నీ ఒక్కదాని డిగ్రీయే పోదమ్మా. నీకు ముందు ఇదే కణం మీద థీసిస్ రాసినవాళ్లు ఆరుగురున్నారు. అందరూ ఎక్కడో ఒకచోట పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నారు."

"మరి అడిగితే ఏం చెప్పమంటారు?"

"అడగడు."

గైడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగు లాగాడు. అందులో అప్పటికే అలాంటి మడత కాగితాలు ఉన్నాయి, కొన్ని పసుపెక్కిపోయాయి. దీన్ని వాటి మీద పడేసి తాళం వేశాడు.

"లోకంలో అందరినీ అడిగేవారు నన్నెందుకు వదిలేస్తారు సార్?"

"ఆ గోడ పెట్టింది వాడే."