సారు మాట్లాడలేదు

"మీ లెక్క ప్రకారం వేగంగా పోయే కణానికీ, దాని ప్రతికణానికీ ఆయుష్షు ఒకటి కాదు. అంటే కణ-ప్రతికణ సౌష్ఠవమే తప్పంటారా?" లాప్‌టాప్ తెర మీద పరీక్షకుడు కళ్లద్దాలు తీసి మరీ అడిగాడు.

జమున తెర దగ్గరికి జరిగింది. పీహెచ్‌డీకి ఇదే ఆఖరి పరీక్ష. కరోనాతో ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. గడువు ఈ రోజుతో సరి. బతుకుతెరువుకు వలస వచ్చిన మగ్గాల ఊరు జోల్వాలో వాళ్లది ఒంటిగది ఇల్లు. కింద మగ్గాల మోతకు కిటికీలన్నీ మూసేసి, చెమటలు కక్కుతూ కూర్చుంది.

తెర మూల గైడు దేశాయి సార్ పేరు కనిపిస్తోంది. కెమెరా మాత్రం ఆపేసి ఉంది.

"దేశాయిగారూ, మీరేమంటారు?" పరీక్షా మండలి అధ్యక్షుడు అడిగాడు.

ఆయన పేరు మీద చాట్‌లో ఒక్క వాక్యం వచ్చింది: 'జవాబు అమ్మాయే చెప్తుంది.'

జమునకు ఒళ్లు మండింది. అంత పెద్ద ప్రశ్న పడితే ఇదా అండ?

"ఏందే బిడ్డా, మీ సారు మూగోని లెక్క కూసున్నడు?" గుమ్మంలోంచి తండ్రి రాజలింగం గుసగుసగా అడిగాడు.

"నువ్వు జర ఆగు బాపూ!"

ఆమె కాగితం అందుకుంది.

"సౌష్ఠవం చెడలేదు సర్, దాని రూపు మారింది. కదలకుండా ఉంటే రెండింటి ఆయుష్షూ ఒకటే. మామూలు సాపేక్షతలో కణాన్ని ప్రతికణంగా మార్చినా ద్రవ్యవేగం మారదు. నేను వాడిన సవరించిన సాపేక్షతలో కొద్దిగా మారుతుంది. ఆయుష్షులో తేడా అక్కడే వస్తుంది."

"మరి ప్రయోగాల్లో కనబడలేదేం?"

"ఇప్పటి పరికరాలకు అందనంత చిన్నది సర్."

పరీక్షకుడు తల వంచి ఏదో లెక్క వేసుకున్నాడు. జమున గోళ్లు కొరుక్కుంది. లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది.

"ఒప్పుకుంటున్నాను. అభినందనలు, డాక్టర్ జమునా."

రాజలింగం భుజమ్మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. జమున మాత్రం విసురుగా ఫోన్ తీసి సారుకు కలిపింది.

"సార్, నా కోసం ఒక్క మాట మాట్లాడలేకపోయారా?"

పలికింది సారు భార్య. "పాసయ్యావు కదా, బేటా?"

"అయ్యాను ఆంటీ. సార్‌కి ఇవ్వండి."

అటువైపు అంబులెన్స్ కూత వినబడింది.

"గైడు లేకపోతే పరీక్ష ఆగిపోతుందని కరోనా జ్వరంలోనూ రాత్రంతా ఆయనకు ఒకటే బెంగ. అందుకే ఆయన పేరుతో లాప్‌టాప్ ముందు నేనే కూర్చున్నా. ఆయన తెల్లవారుజామునే పోయారు, బేటా."