మొక్కు గడ్డం

"ఆ మాస్కు పెట్టుకుని ఒక్కపాలి గట్టిగా ఊదు, నాయినా."

వాకిట్లో నిలబడ్డ ముసలాయన అన్నాడు. ఎవరో కొత్తమనిషి. చేతిలో కర్ర. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి అందుకుంటున్నాడు.

డ్యూటీకి బయల్దేరుతున్న దాలయ్యకు సరదా పుట్టింది. మిల్లువాళ్లు ఇచ్చిన కప్పులాంటి మాస్కు తగిలించుకుని ఊదాడు.

ముసలాయన అతని చెంప పక్కన అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత పుణ్యవతి వైపు తిరిగాడు.

"నువ్వూ సెయ్యెట్టి సూడు, సెల్లీ."

పుణ్యవతి మొగుడి చెంప దగ్గర చెయ్యి పెట్టింది. మాస్కు అంచు కింద, గడ్డంలోంచి వెచ్చటి గాలి వేళ్లకు తగిలింది.

"గాలి ఏ సందులోంచి బయటికొత్తందో, రాతిపిండి ఆ సందులోంచే లోపలికెల్తాది. గెడ్డం తీసీమను. అప్పుడు సెంపకి అతుక్కుంటాది."

పుణ్యవతి చురుక్కుమన్నట్టు చెయ్యి లాక్కుంది.

"ఏటి తాతా, పొద్దున్నే వొచ్చీసి ఏటా మాటలు? అది అమ్మోరి మొక్కు!"

తాతా అన్నందుకు ఆయన చిన్నగా నవ్వాడు.

దాలయ్యది ఛత్రపూర్ అవతల తెల్లరాయిని పిండి కొట్టే మిల్లులో పని. నిరుడు వానాకాలంలో కూతురు రేష్మ మెదడువాపు జ్వరంతో బరంపురం ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడుంది. దాలయ్య ఠాకురాణి అమ్మవారి గుడి ముందు సాగిలపడ్డాడు. పిల్ల దక్కితే జాతర దాకా గడ్డానికి కత్తి తగలనివ్వనన్నాడు.

పిల్ల దక్కింది. మొక్కు గడ్డమని నలుగురికీ తెలిసేలా పుణ్యవతే దాని కొసన పసుపుదారం కట్టింది. రెండేళ్లకోసారి వచ్చే జాతర ఇంకా చాలా దూరంలో ఉంది.

"మాస్కు కింద తడి గావంచా కూడా కడతన్నాను తాతా," అన్నాడు దాలయ్య. "ఈగ కూడా దూరదు."

"ఈగకి కాదు నాయినా భయం. గావంచా కడితే ఆ సందు ఇంకా పెద్దదవుతాది."

"నా గెడ్డం సూసి కుళ్లుకుంటన్నావేటి?"

ఆయన నవ్వలేదు. పుణ్యవతి వైపే చూశాడు.

"గెడ్డం బదులు తలనీలాలిత్తామని సెప్పుకోండి, సెల్లీ. తల్లి కాదంటాదా?"

"తల్లితో బేరాలేటి? రేపు నా పిల్లకేటైనా అయితే నువ్వు తెచ్చిత్తావా?"

ఆయన కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. డ్యూటీ వేళకు వీధి మొగలో నిలబడేవాడు. దాలయ్య సైకిలు ఆపేవాడు కాదు.

"ఆ దగ్గు సూత్తే టీబీ మనిసిలాగున్నాడే," అంది పక్కింటి ఉమాదేవి. "పిల్లదాని దరిదాపులకి రానీకు."

ఓ మిట్టమధ్యాహ్నం ఆయన పుణ్యవతి గుమ్మం ముందే కూలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"మంచినీల్లు, సెల్లీ..."

పగిలిన ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు తెచ్చి దూరంగా పెట్టింది. ఆయన తాగాక ఆ మగ్గును కాలితో కాలవలోకి తోసేసింది.

"మల్లీ నా గుమ్మం తొక్కకు. నా కూతురి పేనం మీదకొచ్చే మాట నా కాడ సెప్పకు."

"నానూ... సెల్లీ... నానూ..."

దగ్గు ఆ మాటను మింగేసింది. పుణ్యవతి తలుపు వేసింది. బయట దగ్గు చాలాసేపు వినిపించింది. తర్వాత కర్ర చప్పుడు. తర్వాత అదీ లేదు.

ఆయన మళ్లీ రాలేదు. పీడ వదిలిందనుకుంది.

జాతర వచ్చింది. వీధుల నిండా పులివేషాలు, డప్పులు. రేష్మ వేషాలను చూసి కేరింతలు కొడుతుంటే, మంగలి దాలయ్య గడ్డం తీశాడు.

బుగ్గలుండాల్సిన చోట ఎముకలు బయటపడ్డాయి.

ఆ తర్వాత మాస్కు అతని చెంపలకు గాలి చొరబడకుండా అతుక్కుంది. అయితే దాన్ని పెట్టుకుని మిల్లు దాకా వెళ్లే ఊపిరి అతనిలో మిగల్లేదు.

"రాతిపిండి లోపల పేరుకుపోయింది. తీయడానికి మందు లేదు," అన్నాడు ఆసుపత్రి డాక్టరు.

మిల్లులో పనిచేసే కాసులు చూడ్డానికొచ్చాడు. ఆక్సిజన్ గొట్టంతో పడుకున్న దాలయ్యను చూసి తల పట్టుకున్నాడు.

"ఆ సంతోష్‌గాడు మీ ఇంటికి అన్నిసార్లు తిరిగాడే వొదినా. ఆడి మాటైనా ఇనాల్సింది."

"సంతోష్ ఎవలు?"

"కర్రట్టుకుని వొచ్చీవోడు కాదా? మిల్లోళ్లు గేటు కాడికి రానివ్వలేదని ఇల్లిల్లూ తిరిగీవోడు. నీ కాడికొచ్చిన మద్దేనం నుంచి మంచం దిగనేదు. దీపావళి ముందు పోయాడు."

"ఆ ముసలాయనా?"

"ముసలాయనేటి వొదినా! ఆడు నాకంటే సిన్నోడు. మీ ఆయన కంటే కూడా సిన్నోడు."

కాసులు తన ఫోనులో వెతికి ఓ పాత ఫొటో తీసి ఆమె చేతికిచ్చాడు.

దాలయ్య రోజూ నిలబడే మిషను ముందే, ఒళ్లంతా తెల్లటి పిండితో, కొసన పసుపుదారం కట్టిన గడ్డం మీద మాస్కు తగిలించుకుని, ఓ పడుచువాడు కళ్లతో నవ్వుతున్నాడు.