భట్టీలో బొట్టు

విఠల్‌రావుకు ఎన్నో ఏళ్లుగా ఒక అనుమానం: దేవుణ్ణి నమ్మేవాడు దయ్యాన్ని కూడా నమ్మాలా?

ఆ రాత్రి, ఇనుప సామాన్ల మీద రంగుపొడి చల్లి భట్టీలో కాల్చే తన ఉప్పుగూడ షెడ్డులో, తెల్లారేసరికి ఒక పెళ్లికొడుకు స్కూటర్‌కు బిగించాల్సిన చక్రాన్ని భట్టీలోంచి తీశాడు. కాలి గట్టిపడిన పొడి రంగు మీద మళ్లీ అదే గుంట, బొటనవేలు నొక్కినట్టు. ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ రంగు వేయడం ఇది మూడోసారి.

"లోపల ఎవరో కూసొని నొక్కుతున్నరే!" అన్నాడు భార్య హైమవతితో.

"గంత వేడిల ఎవరు కూసుంటరు? పొడి చల్లే ముందు నూనెల కుంకుమ కలిపి బొట్టు పెడ్తున్నది మీరే గదా! నూనె మీద రంగేడ నిలుస్తది?"

సిగ్గుపడి, ఈసారి బొట్టు పెట్టకుండా కాల్చాడు. తలుపు తీస్తే రంగు అద్దంలా ఉంది. దాని మీద తడి ఆరని కుంకుమబొట్టు.

"నేను గాదు," అంది హైమవతి.

షెడ్డు తెరిచిననాడు మొక్కి ఎగ్గొట్టిన కొబ్బరికాయను విఠల్‌రావు అప్పటికప్పుడే కొట్టాడు.