మూడు జానల గౌను

"మా! ఎవురో ఆయప్ప నన్ను కొలుస్తాండాడు!"

జమీలా కేక వినగానే దూదేకుతున్న మాబున్ని చేతిలోని కమాను వదిలేసి వీధిలోకి ఉరికింది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాట. జమ్మలమడుగులో ఏ అరుగు మీద విన్నా ఒకటే భయం. ఎక్కడో వంతెన కడుతున్నారట. స్తంభం నిలవక పసిపిల్లల్ని బలి ఇస్తున్నారట. ముందు ఒకడొచ్చి కొలత తీసుకుపోతాడట. కొలిచిన పిల్ల ఇక దక్కదట!

సందు మలుపులో తెల్లచొక్కా మనిషి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. జమీలా భుజం మీద ఏదో పట్టీ ఆనించి చూస్తున్నాడు.

"ఎవురు నువ్వు? యాడ్నుంచి వచ్చినావు?"

అతను నవ్వాడు. పలకలేదు.

"అడుగుతాంటే పలకవేంది? నా బిడ్డ నీకేం జేసింది?"

అతను బొటనవేలూ చిటికెనవేలూ చాపి, ఆమె చేతి వైపు చూపించాడు. మాబున్ని బిడ్డను వెనక్కి లాక్కుంది. చేతబడి కాకపోతే ఇదేం సైగ?

ఇంతలో అతను జేబులో చెయ్యి పెట్టాడు.

"మత్తుమందు తీస్తాండాడే! పట్టుకోండి!" ఎదురింటి గురవమ్మ గావుకేక పెట్టింది.

మాబున్ని రాయి అందుకుని విసిరింది. అతని కుడిచేతి వేళ్లు చితికి రక్తం కారింది. జేబులోంచి తీసిన కాగితం మట్టిలో పడింది. కర్రలతో జనం వస్తుంటే ఆ కాగితం ఏరుకుని బస్సు రోడ్డు కేసి పరుగెత్తాడు.

ఆ రోజు నుంచి మాబున్ని ఇంటికి పట్టపగలే గడియ. బిడ్డను గడప దాటనివ్వలేదు. వీధిలో కొత్త గొంతు వినిపిస్తే చాలు, పిల్లను వాటేసుకుని "యా అల్లా" అనుకుంటూ మూలకు చేరేది.

"మా, రంజాన్‌కు నా గౌను రాదా?" అని జమీలా ఒకటే నస.

ఆ గౌను సంగతి ఈ గొడవకు ముందుది. మద్రాసు కంపెనీ వాళ్ల బొమ్మల క్యాటలాగు ఒకటి పోస్టుమాన్ ఆదినారాయణ తెచ్చి చూపిస్తే, పిల్ల ఒక గౌను బొమ్మ మీద వేలు పెట్టి తీయలేదు. ఆర్డరు కాగితం ఆయనే రాసిపెట్టాడు.

"పొడుగెంత మాబున్నీ? అంగుళాల్లో అడిగినారు."

"అంగుళాలు నాకేం తెలుసప్పా? నా చేత్తో మూడు జానలు. అట్లే రాయి."

అట్లే రాశాడు మహానుభావుడు! పార్సిలు వచ్చింది. గౌను మోకాళ్ల పైనే ఆగిపోయింది, చంకల్లో పట్టేసింది. సరిపోయేది పంపమని మాబున్ని తిప్పి పంపేసింది.

"మద్రాసోళ్ల జాన పొట్టిదేమోలే!" అని నవ్వాడు ఆదినారాయణ.

రంజాన్ ఇంకా రెండు రోజులుందనగా తలుపు చప్పుడైంది.

"ఎవురది?"

"నేనే, ఆదినారాయణను. మద్రాసు పార్సిలు వచ్చిండాది. గడియ తియ్యి."

జమీలా ఆగలేదు. పార్సిలు విప్పీ విప్పకముందే గౌను తొడిగేసుకుంది. భుజాలు సరి. చంకలు సరి. పొడుగు సరి. దగ్గర కూర్చోబెట్టుకుని కుట్టినా అంత బాగా కుదరదు.

మాబున్నికి సంతోషం కలగలేదు, ఒళ్లు జలదరించింది.

"అప్పా, మనం మల్లా కొలత రాయనే లేదు గదా! నా బిడ్డ కొలత వాళ్లకెట్ల తెలిసె? తీసెయ్ జమీలా, తీసెయ్ దాన్ని!"

"ఉండు, ఉండు. జాబు పెట్టినారు," అంటూ ఆదినారాయణ కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"మీ జానల లెక్క మాకు తెలియలేదు. అందువల్ల మా కటింగు మాస్టరు సెలవు మీద ప్రొద్దుటూరు వస్తూ, మీ ఆర్డరు కాగితం జేబులో పెట్టుకుని మీ వీధికి వచ్చి పాప కొలతలు తీసుకున్నారు. ఆయనకు పుట్టుకతో మాట రాదు. తిరుగు ప్రయాణంలో బస్సు తలుపు పడి కుడిచెయ్యి నలిగిందని సైగ చేసి చెప్పారు, ఎడమచేత్తోనే కత్తిరించారు గనుక అంచు ఎక్కడైనా వంకరగా ఉంటే మన్నించగలరు."