సగం కిరాయి

ఈ నెల కూడా బాబూమియా దగ్గర సగం కిరాయే ఉంది.

సంతోష్‌నగర్ సందులోని ఒక మల్గిలో దుకాణం పెట్టి ఆయన గ్యాస్ స్టవ్‌లు, కుక్కర్లు బాగుచేస్తాడు. చేయించుకున్నవాళ్లు పైసలు రేపు ఇస్తామని పోతారు. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఓనరు జహీరా బేగంకు అనవసరం. ఆమె పై అంతస్తులో ఉంటుంది. ఒకటో తారీఖున మెట్ల మీద ఆమె చెప్పులు టపటపమంటే చాలు, బాబూమియా చేతిలోంచి స్క్రూడ్రైవరు జారిపోతుంది.

ఈసారి ఆమె దిగేసరికి షట్టర్ ముందు మహేష్ నిలబడి ఉన్నాడు. ఆ గల్లీకి కొత్త. సెల్‌ఫోన్ల దుకాణం పెట్టడానికి చోటు వెతుకుతున్నాడు. ఈ మల్గి ఖాళీ చేయిస్తే అడ్వాన్సు ఇప్పుడే చేతిలో పెడతానన్నాడు.

బాబూమియా నోట్లు అందించాడు. జహీరా బేగం లెక్కపెట్టలేదు. వేళ్లతో ఒత్తి చూసింది.

"తతిమ్మాది ఏది మియా?"

"ఒక్క వారం టైమియ్యి, బేగం సాబ్."

"పోయిన నెల గూడ గిదే వారం అడిగినవ్. గా వారం ఇంకా అయిపోలేదా?"

బాబూమియా బతిమాలాడు. గడ్డం నెరిశాక కొత్త గల్లీలో తన దగ్గరికి కుక్కరు ఎవరు తెస్తారన్నాడు. ఈ మల్గి పోతే తన పని కూడా పోయినట్టేనన్నాడు. అయితే పొద్దున హోటల్లో నహారీ తినడానికి పైసలెక్కడివని ఆమె అడిగింది. ఆయన మీసం తుడుచుకున్నాడు.

ఆమె కాసేపు మహేష్ జేబు వైపు చూసింది. తర్వాత తీర్పు చెప్పింది. ఇదే ఆఖరి మోఖా. బాకీ తీరేదాకా బాబూమియా రోజూ పై ఇంట్లో ఉల్లిగడ్డలు కోయాలి, గిన్నెలు తోమాలి. ఒక్కరోజు ఎగ్గొట్టినా మల్గి మహేష్‌దే.

"మంజూరేనా?"

బాబూమియా తలూపాడు. ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది.

బేరం చెడినందుకు కాదుగానీ, మహేష్‌కు ఒళ్లు మండింది. కిరాయి బాకీకి గిన్నెలు తోమిస్తారా, ఇదేమన్నా నవాబుల జమానానా అన్నాడు. ఠాణాకు పోదాం, సాక్ష్యం తానే చెప్తానన్నాడు. బాబూమియా అవేవీ పట్టించుకోకుండా షట్టర్ సగం దించాడు. ఉల్లిగడ్డలు ఆలస్యమైతే మళ్లీ లొల్లి అవుతుందని గొణిగాడు.

మహేష్ ఇక ఆగలేకపోయాడు.

"గింత దిల్ లేని మనిషికి గీ మల్గి ఎవడు రాసిచ్చిండో గానీ చిచ్చా, ముందుగాల వాణ్ని కొట్టాలె."

"నేనే రాసిచ్చిన బేటా," అన్నాడు బాబూమియా మెట్లెక్కుతూ, "మా నిఖా నాడు, మెహర్ కింద."